బ్రేకు తొక్కితే వణికే బండిలో షామీర్‌పేట దాకా

కాశీకి వెళ్ళొచ్చినవాళ్ళు వీధికి ఇద్దరు ముగ్గురుంటారు. మంచుకొండల్లో గుర్రమెక్కి ఫోటో దిగినవాళ్ళు ఇంటికొకరు ఉంటారు. కానీ బ్రేకు తొక్కితే స్టీరింగు వణికే పికప్ బండిలో మేడ్చల్ నుంచి గుండ్లపోచంపల్లి, దేవరయాంజాల్ మీదుగా షామీర్‌పేట చేరి, ప్రాణాలతో తిరిగొచ్చి, మళ్ళీ మామూలుగా అన్నం తింటున్నవాళ్ళు నాకు తెలిసి ఈ భూమ్మీద ఇద్దరే. ఒకడు బండి నడిపాడు. రెండోవాణ్ణి నేను. నడిపినవాడికి రాసే తీరిక లేదు కాబట్టి, వెళ్ళనివాళ్ళ కోసం నేను రాస్తున్నాను.

మేడ్చల్ నుంచి షామీర్‌పేటకు తిన్నని రోడ్డుందనీ, ఆ దారిన వెళితే చేతిలో టీ చల్లారకముందే చేరవచ్చనీ భూగోళం తెలిసినవాళ్ళు అంటారు. నిజమే. ఊరు చేరడం ఒక్కటే కావలసినవాళ్ళు ఆ దారినే వెళ్ళండి. మేము వెళ్ళింది ఒక వణుకు ఎక్కడ పుడుతుందో వెతుక్కుంటూ. నది పుట్టిన చోటు చూడ్డానికి కొండలెక్కే సాహసులుంటారు కదా, అలాగ.

మేడ్చల్: పుట్టినరోజు శుభాకాంక్షలు బోర్లా పడడం

మేడ్చల్‌లో నాకు ఫ్లెక్సీలు అచ్చువేసే దుకాణం ఉంది. అయిదడుగుల నాయకుణ్ణి పదిహేనడుగులు చేసి కరెంటు స్తంభానికి కట్టించడం నా వృత్తి. ఈ కథనంలో కొలతలు ఎక్కడైనా కాస్త పెరిగినట్టు అనిపిస్తే అది అబద్ధం కాదు, చేతి అలవాటు.

శుక్రవారం పొద్దున మార్కెట్లో చేపలు దించేసి, ఖాళీ ట్రేలతో మా బామ్మర్ది మల్లేశ్ వచ్చి దుకాణం ముందు బ్రేకు వేశాడు. గోడకు ఆనించిన పుట్టినరోజు శుభాకాంక్షలు నాయకుడితో సహా బోర్లా పడ్డాయి.

“బావా, జర బండెక్కు. నీకొకటి సూపియ్యాలె.”

“ఈడికెల్లే కనవడ్డది గదరా. లీడర్ సారు మూతి పగిలింది.”

ఎక్కాను. హైవే మీదికి వెళ్ళి, వేగం అందుకున్నాక మల్లేశ్ బ్రేకు తొక్కాడు. ఆ వణుకును వర్ణించడం నా తరమా! స్టీరింగు మీద ఉన్న రెండు చేతులు నాకు ఎనిమిదిగా కనిపించాయి. ఒక్కో చేతిలో ఒక్కో ఆయుధం పెడితే అక్కడే కొబ్బరికాయ కొట్టేవాణ్ణి. నా పళ్ళు టకటకా కొట్టుకున్నాయి. బ్రేకు వదలగానే స్టీరింగు ఏమీ ఎరగనట్టు, బుద్ధిమంతుడిలా నిలబడింది.

“సూసినవా?”

“సూసుడేంది, జర ఆగు. పండ్లు లెక్కవెట్టుకోని.”

మల్లేశ్ నవ్వలేదు. వాడు నా మాటకు నవ్వలేదంటే సంగతి పెద్దదే. బండి పక్కకు ఆపి చెప్పాడు.

“ముందటి డిస్కులు రెండుపార్లు లేత్ మిషన్ మీద సాపు చేయించిన బావా. చేయించినంక మస్తుంటది. కొత్తల నువ్వు మా అక్కతోటి ఉన్నట్టు. నెల తిరిగేటాలకు మళ్ల గిదే కత.”

డిస్కు అంటే తెలియనివాళ్ళకు: ముందు చక్రం లోపల పళ్ళెంలాంటి ఇనుప బిళ్ళ చక్రంతో పాటే తిరుగుతుంటుంది. బ్రేకు తొక్కితే రెండు పక్కల నుంచీ రెండు దవడలు దాన్ని కరిచి పట్టుకుంటాయి. మన ప్రాణాలన్నీ ఆ పళ్ళెంలోనే వడ్డించి ఉంటాయి.

అసలు బాధ డిస్కు కాదు. వాళ్ళది తాతల కాలం నుంచీ షామీర్‌పేట చెరువులో వల వేసే ఇల్లు. మల్లేశ్ తల్లి, అంటే మా అత్త, ఆ చేపలు అమ్మే పెంచింది పిల్లలిద్దరినీ. బండి కొన్నాక ఆమె ముందు సీట్లో కూర్చుని మార్కెట్‌కు వచ్చే తీరు చూడాలి, బండి వెనక ఏనుగులు, ఒంటెలు నడుస్తున్నాయేమో అనిపించేది. ఈ మధ్య ఒకరోజు చెరువు కట్ట వాలు మీద బర్రె అడ్డం వచ్చింది. మల్లేశ్ గట్టిగా బ్రేకు వేశాడు. బర్రె బతికింది. కానీ స్టీరింగు మీద కొడుకు చేతులు ఊగిపోవడం చూసిన తల్లి, బండి దిగి, గంప నెత్తిన పెట్టుకుని నడిచి వెళ్ళిపోయింది. అప్పటి నుంచి ఆమె ఆటోలో వస్తోంది.

“ఆదివారం లోపట వణుకుడు బందుగాకపోతే బండి అమ్మెయ్యాలె అన్నది. నా చెయ్యి గుంజి ఆమె నెత్తిమీద వెట్టుకోని ఒట్టేయించింది. సిద్దిపేటాయన ఒకడు కొంటనంటున్నడు. ఫోన్ల మీద ఫోన్లు.”

“అమ్మినంక ఏంజేస్తవురా?”

“గుండ్లపోచంపల్లి గోడౌన్లళ్ల డ్రైవర్లు కావాలంటున్నరు. ఒకల బండి తోల్త.”

ఆ మాట వాడు నాతో కాకుండా అద్దంతో చెప్పాడు. నేను బండి వెనక్కి తిప్పించి, దుకాణం షట్టరు దించేశాను.

గుండ్లపోచంపల్లి: ఆకాశాన్ని దాచే గోడౌన్లు

గోడౌన్ అంటే మా మేడ్చల్‌లో ఉల్లిగడ్డ బస్తాలు పెట్టుకునే గది. గుండ్లపోచంపల్లి గోడౌన్లు చూశాక నా నోరు మూతపడలేదు. వానాకాలంలో తడవకుండా దేవుడు ఆకాశాన్ని మడతపెట్టి లోపల దాచుకుంటాడేమో, అంత ఉన్నాయి. ఒక గోడ మొదలైన దగ్గర నేను తుమ్మితే, గోడ అయిపోయేసరికి జలుబు తగ్గింది. లోపలికి పోయే కంటైనర్లు, బయటికి వచ్చే కంటైనర్లు, మధ్యలో గేటు దగ్గర ఎండలో కుర్చీ వేసుకుని ఇదంతా తనదేనన్నట్టు కూర్చున్న కాపలాదారు. మల్లేశ్ ఆ గేట్ల వంక చూడకుండా బండి నడిపాడు.

ఇక్కడి టీ సంగతి చెప్పాలి. మా దగ్గర టీ అంటే గ్లాసు నిండి సాసరులోకి పొర్లాలి. ఇక్కడ కంట్లో చుక్కలు వేసుకునే మందు మూతంత కాగితం కప్పు. ఒక్క గుక్కలో అయిపోయింది. తాగానో, తాగిన మనిషిని చూశానో చెప్పలేను.

ఖాజా భాయ్ షెడ్డు ఆ టీ బండి వెనకే. ఖాజా భాయ్ వినయం అనే జబ్బు ఎప్పుడూ సోకని మెకానిక్. గోడ మీద తన ఫోటోనే పెట్టుకుని దానికి తనే అగరొత్తి వెలిగించేంత ఆరోగ్యవంతుడు.

“పెండ్లాం ముందట మొగడు అబద్ధమాడొచ్చు సాబ్. నా ముందట బండి అబద్ధమాడది. చెప్పు తమ్మీ, బ్రేకు తొక్కకుండ జోరుగ పోతే వణుకుతదా?”

“లే భాయ్. తొక్కితెనే.”

“అయితే చక్రాల బరువుల తేడా కాదు. అదైతే ఊకెనే ఊగుతది. ఖతమ్, ఒక దొంగ పోయిండు.”

జాకీ ఎత్తాడు. చక్రాన్ని పైనా కిందా పట్టి ఊపాడు, పక్కలు పట్టి ఊపాడు. నన్నూ ఊపమన్నాడు. నేను శివధనుస్సు ఎత్తేవాడిలా పంచె సర్దుకుని (ప్యాంటులో ఉన్నాననుకోండి, అయినా సర్దుకుని) సర్వశక్తులూ పెట్టాను. చక్రం కదల్లేదు. నా నడుములో ఏదో కదిలింది.

“కదలలేదు గదా? బేరింగులు సాఫ్, జాయింట్లు సాఫ్. ఇంక ఇద్దరే దొంగలు మిగిలిన్రు. ముందట డిస్కు, ఎనక చక్రాల బ్రేకు డ్రమ్ము.”

“డిస్కు రెండుపార్లు సాపు చేయించిన భాయ్,” అన్నాడు మల్లేశ్.

“గందుకే నాకు డౌటు. రెండుసార్లు చేసినంక గూడ వచ్చిందంటే దొంగ వేరెటోడు గావొచ్చు.” ఖాజా భాయ్ చెయ్యి తూర్పుకు చాపాడు. “పొడుగు రోడ్డు కావాలె, ఖాళీది. ఈడ బ్రేకు కొడితే ఎనక కంటైనరు నీ ఒళ్లెకొస్తది. దేవరయాంజాల్ దిక్కు పోండ్రి, ఇండ్లు లేని రోడ్లు మస్తున్నయ్. పెడల్ తొక్కు. చేతులకు తెలిస్తే ముందటి దొంగ. సీటు కింద తెలిస్తే ఎనకటోడు. తర్వాత పెడల్ ముట్టకుండ హ్యాండ్ బ్రేకు మెల్లగ గుంజు. అది ఎనక చక్రాలనే పడ్తది. అప్పుడు పక్కా తెలుస్తది.”

ఇంత పెద్ద బండిని ఇన్ని చిన్న ప్రశ్నలతో చుట్టుముట్టవచ్చని నాకు తెలియదు. డాక్టర్లు నన్నెప్పుడూ ఇంత శ్రద్ధగా ఊపి చూడలేదు.

దేవరయాంజాల్: మనుషులు లేని మహానగరం

ఊరి బయట సింహాలు కూర్చున్న కమాను కనపడింది. లోపల నలభై అడుగుల తారు రోడ్లు, అటూ ఇటూ పాతిన తెల్లరాళ్ళు, వీధి దీపాలు, మూల మీద పార్కు, పార్కులో జారుడుబండ. ఒక్క ఇల్లు లేదు. ఒక్క మనిషి లేడు. జనం కోసం ముస్తాబై కూర్చున్న మహానగరం అది. జారుడుబండ మీద ఒక తొండ జారింది. బ్రేకు పరీక్షకు ఇంతకన్న పుణ్యక్షేత్రం దొరకదు.

బండి లోపలికి పోయిందో లేదో, తెల్లచొక్కా వేసుకున్న ఒకాయన గాలిలోంచి ప్రత్యక్షమయ్యాడు. పేరు రాంరెడ్డి. ఆయన నాయిన ఈ నేలలో జొన్న వేశాడట. ఈయన ప్లాట్లు వేశాడు. బండి నంబరు చూసి, మా ముఖాలు చూసి, మేము కొనడానికే వచ్చామని తీర్మానించి తలుపు తీసుకుని ఎక్కేశాడు. నేను మధ్యలోకి జరిగాను.

“కార్నర్ బిట్టు సూపిస్త సార్, పోనీ తమ్మీ, జోరుగ పోనీ. రోడ్డు ఎట్లుంది? వెన్న గదా?”

మల్లేశ్ వేగం పెంచాడు. “గిది ఈస్ట్ ఫేసింగు, గది పార్కు ఫేసింగు...” అని ఆయన చెయ్యి చాపి చూపిస్తుండగా బ్రేకు తొక్కాడు. స్టీరింగు శివాలెత్తింది. రాంరెడ్డి మాట ఆపి మల్లేశ్ చేతులనే చూశాడు.

“ఏంది తమ్మీ, నేనింక రేటే చెప్పలే. అప్పుడే చేతులు వణుకుతున్నయ్?”

“మీకు సీటు కింద వణుకుతలేదా సార్?” అన్నాను ఆత్రంగా.

“నాకెందుకు వణుకుతది? రిజిస్ట్రేషన్ ఆఫీసుల కూసున్నట్టు మంచిగ కూసున్న.”

నేనూ గమనించుకున్నాను. సీటు నిమ్మళంగా ఉంది. మేడ్చల్‌లో నా పళ్ళు కొట్టుకున్నది బండి వల్ల కాదనీ, పూర్తిగా నా సొంత ధైర్యం వల్లేననీ దేవరయాంజాల్‌లో తేలింది. యాత్రలు మనిషికి తనను తాను చూపిస్తాయంటారు, ఇందుకే కాబోలు.

తర్వాత హ్యాండ్ బ్రేకు. మల్లేశ్ పెడల్ మీద నుంచి కాలు తీసి, లివరును మెల్లగా పైకి గుంజాడు. బండి పడవలా నెమ్మదించింది. స్టీరింగు రవ్వంత కదల్లేదు. వెనకవాడు నిర్దోషి.

ఆ సంతోషంలో మల్లేశ్ ఆ మహానగరం వీధివీధికీ బ్రేకు కొట్టాడు. ప్రతిసారీ రాంరెడ్డి ఒక ప్లాటు చూపించాడు. చివరికి మా అసలు సంగతి విని కోప్పడతాడేమో అనుకున్నాను. ఆయన కడుపు పట్టుకుని నవ్వాడు.

“నా వెంచర్ల గింత తిరుగుడు ఎవడు తిరగలే సార్. కొననీకొచ్చినోళ్లు గేటు కాడనే వాపసు పోతరు.” తర్వాత ఒక మూల బండి ఆపమన్నాడు. తెల్లరాయి తప్ప ఏమీ లేదక్కడ. “గీడ మా బాయుండె. మా నాయిన మోట కొట్టిండు దీని మీద. నేను ఈత నేర్సింది గిండ్లనే.” కాసేపు ఆ రాయినే చూసి, “ఇది మాత్రం అమ్ముతలేను,” అని దిగిపోయాడు. దిగినవాడు మళ్ళీ కిటికీలో తల పెట్టి, సీతారామస్వామి గుడి దగ్గర పులిహోర పెడుతున్నారనీ, తన పేరు చెబితే రెండు దొన్నెలు ఇస్తారనీ చెప్పాడు. చెప్పాం. ఒకటే ఇచ్చారు. కానీ ఆ పులిహోర! ఒక్కో పల్లీ ఒక్కో ప్లాటంత ఉంది.

గుడి మెట్ల మీద కూర్చుని ఖాజా భాయ్‌కి ఫోన్ చేశాం.

“ముందటిదే భాయ్, డిస్కే.”

“డిస్కే అయితే మళ్ల మళ్ల ఎందుకు వంగుతాంది? ఇనుము ఊకెనే వంగదు. ఏం జేస్తున్రు మీరు దానికి?”

“ఏం జేస్తలేం భాయ్.”

“ఏదో జేస్తున్రు. ఇప్పటికే అరిగి రేకయ్యింటది, ఇంక సాపు చేయనీకి రాదు. కొత్తయి ఏస్త. కని కారణం దొరకకపోతే అవి గూడ వంగుతయ్. కనుక్కోండ్రి.”

మల్లేశ్ దొన్నె మడిచి జేబులో పెట్టుకున్నాడు. రేపు ఒక్కరోజే మిగిలింది.

షామీర్‌పేట: వచ్చినవాళ్ళ కాళ్ళకు నీళ్ళు

తూముకుంట దాటి రాజీవ్ రహదారి ఎక్కాక దారంతా వేగం, బ్రేకు, వేగం, బ్రేకు. జామపండ్లవాళ్ళు రోడ్డు మీదికే వచ్చి పండ్లు ముఖాల మీద ఊపుతారు. చివరి వాలు దిగేసరికి షామీర్‌పేట చెరువు ఎదురొచ్చింది. సాయంత్రపు ఎండ దాని మీద పడి, నీళ్ళు కాదు, ఎవరో రాగి కరిగించి పోసినట్టుంది. నేను నా వృత్తిలో ఎంతోమందికి ఎన్నో రంగులు అద్దాను. ఆ రంగు మాత్రం నా మిషన్లో లేదు. కాసేపు నోరు మూసుకున్నాను. మల్లేశ్ కంగారుపడి, “బావా, పానం మంచిగున్నదా?” అని అడిగాడు.

ఇల్లు ఆ వాలు కిందే. మల్లేశ్ భార్య పుట్టింటికి వెళ్ళింది. అత్త ఒక్కతే వాకిట్లో ఉంది.

మా అపార్టుమెంటులో చుట్టం వస్తే, లిఫ్టు పనిచేయడం లేదని చెప్పడమే మొదటి మర్యాద. ఇక్కడ పాతకాలపు పద్ధతి ఇంకా ఉంది. బయటి నుంచి వచ్చినవాళ్ళ కాళ్ళకు నీళ్ళివ్వకుండా లోపలికి రమ్మనరు. అత్త చెంబు అందించింది.

“రా అల్లుడా. ఎండల వడి వచ్చినవు, కాళ్లు కడుక్కో.”

కడుక్కున్నాను. బోరు నీళ్ళు, మంచులా ఉన్నాయి. అరికాళ్ళ నుంచి నడినెత్తి దాకా ప్రాణం లేచొచ్చింది. కళ్ళు తెరిచేసరికి అత్త పెద్ద బకెట్టు పట్టుకుని బండి ముందు చక్రం దగ్గర ఉంది. రింగుకున్న రంధ్రాలలోంచి లోపలికంటా, ఓపిగ్గా, దోసిలితో పిల్లవాడి తల తడిపినట్టు నీళ్ళు పోసింది.

సుయ్య్‌మంది. చక్రంలోంచి తెల్లటి ఆవిరి లేచింది.

“గిదేందత్తా!”

“రోజు గిట్లనే అంటది, పాపం. ఎంత దూరం తిరిగొచ్చిందో, కాళ్లు మండుతున్నయి దానికి.” అటు పక్క చక్రానికి వెళ్ళింది. మళ్ళీ సుయ్య్. “మనిషికైతే మనం నీళ్లిస్తం. నోరు లేనిది, దానికెవరిస్తరు? గీ నడుమ వణుకుతాంది గదా, బెదిరినట్టుంది. బెదురు పోవాలెనని ఇంకో బకెట్టు ఎక్కువనే వోస్తున్న.”

నేను మల్లేశ్‌ను చూశాను. మల్లేశ్ నన్ను చూశాడు. రోజూ బండి ఆపగానే ఇంట్లోకి పోయేవాడికి ఈ నీళ్ళ సంగతి అప్పుడే తెలిసింది. పొద్దుటి నుంచి మేము వెతుకుతున్న వణుకు పుట్టిన చోటు మా కళ్ళ ముందే, బకెట్టు పట్టుకుని, చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని నిలబడి ఉంది.

వాడు నన్ను పాకలోకి లాక్కుపోయి ఖాజా భాయ్‌కి ఫోన్ చేశాడు. విని ఆయన కేక పెట్టాడు. “యా అల్లా! కాలిన డిస్కు మీద సల్లనీళ్లా? ఒక దిక్కు సల్లవడి ఒక దిక్కు కాలుతుంటే వంగక ఏంజేస్తది తమ్మీ! పొద్దుగాల్ల సామానుతోటి నేనే వస్త. ఆ నీళ్లు బంద్ చేపియ్యి.”

ఫోన్ పెట్టేశాక మల్లేశ్ ట్రేల మీద కూలబడ్డాడు.

“బావా, అమ్మకు జెప్పకు.”

“జెప్పకపోతే రేపు కొత్తవాటి మీద గూడ వోస్తదిరా.”

“జెప్తే ఇగ నీళ్ల చెంబే ముట్టదు. నీకు తెల్వదు ఆమె సంగతి. తన చేతులతోని కొడుకు బండి పాడుజేసినని ఎరుకైతే తిండి తినది. ఆమె ముంగట గా మాట అననీకంటే బండి అమ్ముకునుడే నయ్యం.”

ఆ రాత్రి కొర్రమీను పులుసు, జొన్నరొట్టె. మా ఇద్దరి మనసులూ బరువుగా ఉన్నాయి. ఆ బరువుతో నేను అయిదు రొట్టెలే తినగలిగాను.

మరునాడు: వెంట్రుకంత వంకర

పొద్దున ఖాజా భాయ్ స్కూటర్ మీద వచ్చాడు. వచ్చీ రాగానే, “నేను ముందే అనుకున్న,” అన్నాడు. ఏమనుకున్నాడో చెప్పలేదు. చక్రం విప్పి, గడియారంలాంటి ఒక చిన్న గేజీని కమ్మీకి బిగించి, దాని కొసను డిస్కుకు ఆనించి, డిస్కును చేత్తో మెల్లగా తిప్పాడు. గేజీలో ముల్లు కదిలి పక్కకు పోయింది. ఇంకాస్త తిప్పితే వెనక్కి వచ్చింది. మళ్ళీ పోయింది, మళ్ళీ వచ్చింది.

“ఎంత వంగింది?” అన్నాను గుసగుసగా.

“కంటికి కనవడదు సాబ్. వెంట్రుకంత గూడ లేదు.”

నేను అక్కడే మట్టిలో కూర్చుండిపోయాను. వెంట్రుకంత కూడా లేని వంకర! అది ఇంత బండిని, బండెడు చేపలను, వాటిని నడిపే మనిషిని ఊపేసింది. జీవితమంతా ముందు సీటు దొరకని ఒక మనిషికి దొరికిన ఆ సీటును ఊడబెరికింది. ఇన్నేళ్ళుగా పెద్దవి కట్టి బతుకుతున్న నాకు చిన్నదానిని చూసి ఒళ్ళు జలదరించడం అదే మొదలు.

నా వెనక నుంచి అత్త గొంతు. “గా ముల్లేంది, అట్ల పోయి ఇట్ల వస్తాంది?”

ఖాజా భాయ్ మల్లేశ్‌ను చూసి, “డిస్కు వంగిందమ్మా,” అన్నాడు.

“ఎందుకు వంగింది?”

మల్లేశ్ పానా కోసం వెతికాడు. పానా వాడి చేతిలోనే ఉంది. ఇక బరువంతా నా మీద పడింది. నేను గొంతు సవరించుకున్నాను.

“అత్తా, గిది వాతావరణం. శ్రీశైలం దిక్కుకెల్లి వచ్చే వేడి గాలి, నర్సాపూర్ అడివికెల్లి వచ్చే సల్ల గాలి, రెండు మన చెరువు మీద కలిసి కొట్లాడుకుంటున్నయ్. గప్పుడు ఇనుము పరేషానై...”

“అల్లుడా, నీ ఫ్లెక్సీలు ఈడ కట్టకు.”

ఆమె కూర్చుని, డిస్కు మీద అరచెయ్యి పెట్టింది. చాలాసేపు తీయలేదు. తర్వాత తనలో తనే మాట్లాడుకుంటున్నట్టు అంది.

“నిన్న సుయ్యన్నది. పెనం సుయ్యన్నట్టే. కాలిన పెనం మీద నీళ్లు గుమ్మరిస్తే వంకరవోతదని చిన్నప్పుడు మా అవ్వ వీపు పగులగొట్టింది.” చెయ్యి తీసి, ఆ చెయ్యినే చూసుకుంది. “అయితే నేనే.”

గోడ మీది తన ఫోటోకు తానే మొక్కే ఖాజా భాయ్, శుభ్రంగా ఉన్న పానాను మళ్ళీ తుడిచాడు.

“అట్లేం లేదమ్మా,” అన్నాడు మల్లేశ్.

“నోర్ముయ్. నీకు నిన్ననే ఎర్క. బువ్వ కాడ నీ మొకం సూసిన. నాకు జెప్పకుంట బండి అమ్ముదామనుకున్నవు గదా?”

వాడు పానా కింద పెట్టాడు.

“నేను బాధపడ్తనని ఒకల బండి తోల వోతవా? నువ్వు ఒకని కింద చెయ్యి కట్టుకుంటే నేను సంబురపడ్తనా? బుద్ధున్నదారా నీకు!” తిట్టు మొదలైంది. మల్లేశ్‌ను అయ్యాక నన్ను, నన్ను అయ్యాక గాలులను కూడా వదల్లేదు. ఆ తిట్ల వాన కింద మల్లేశ్ ముఖం కడిగినట్టు తేటపడింది. చివరికి ఆమె గొంతు తగ్గింది. “బెదిరిందనుకున్నరా. బెదురు పోనీకని ఎక్కువ వోసిన.”

ఇనుమును వంచాలంటే కొలిమి కావాలనే ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఒక ముసలామె రోజూ చేసిన మర్యాద చాలునట.

ఖాజా భాయ్ అన్నాడు: “నా సర్వీసుల మస్తు బండ్లు సూసిన అమ్మా. కాళ్లు కడిగిపిచ్చుకున్న బండిని ఇప్పటిదాంక సూడలే. బంద్ జేయకు, కడుగు. కని అది సల్లవడ్డంక కడుగు.”

“ఎంతసేపటికి సల్లవడ్తది?”

“అన్నం తిని, బోళ్లు తోముకోని రా.”

ఆమె సరేనన్నట్టు తలూపి, కొత్త డిస్కులు బిగించేదాకా అక్కడి నుంచి కదల్లేదు. “గా బోల్టు జర గట్టిగ,” అని మధ్యలో ఆయనకే పని నేర్పింది. ఖాజా భాయ్ జీవితంలో మొదటిసారి మారు మాట్లాడలేదు.

చెరువు కట్ట వాలు

పొద్దు వాలుతుండగా మల్లేశ్ బండి తీశాడు. ఒక్కడే పోయి చూసొస్తానన్నాడు. అత్త ముందు తలుపు తీసి నిలబడింది. నన్నూ రమ్మని కిటికీ పక్కన కూర్చోబెట్టి, తాను మధ్యలో, కొడుకు పక్కన కూర్చుంది. చాలా రోజుల తర్వాత ఎక్కినట్టు లేదు, నిన్న దిగి ఈరోజు ఎక్కినట్టు ఎక్కింది. చేతివేళ్ళు మాత్రం నా మోకాలిని గట్టిగా పట్టుకున్నాయి.

పైదాకా పోయి తిరిగాం. వాలు మొదలైంది. కింద చెరువు, కట్ట, ఎవరి బర్రెలు వాళ్ళు తోలుకుపోతున్న మనుషులు.

“జోరుగ పోనీ,” అంది.

వేగం పెరిగింది.

“కొట్టు.”

మల్లేశ్ కొట్టలేదు. కాలు పెడల్ మీదే ఉంది, కానీ కిందికి దిగలేదు.

“కొట్టురా, నేనున్న గదా!”

తొక్కాడు. బండి ముందుకు వంగి, నిదానించి, ఆగింది. నేను కళ్ళు తెరిచి స్టీరింగు చూశాను. కింద ఉన్న చెరువెంత కదలకుండా ఉందో, అంత కదలకుండా ఉంది.

“మరి వణుకుతున్నయేంది?” అంది అత్త భయంగా.

వణుకుతున్నవి మల్లేశ్ చేతులు. వాడు దాచుకోవాలని చూశాడు, కుదరలేదు. ఆమె నా మోకాలు వదిలి, తన రెండు చేతులూ తీసి వాడి చేతుల మీద పెట్టింది. అవి నిలిచేదాకా అలాగే పట్టుకుంది. నేను కిటికీలోంచి జామపండ్ల బండిని అతి శ్రద్ధగా పరిశీలించాను.

“ఇంకోపారి,” అంది.

మళ్ళీ పైకి పోయాం, మళ్ళీ కిందికి వచ్చాం. ఇంకోపారి అంది. బర్రెలవాళ్ళు ఆగి చూశారు. మూడోసారికి ఆమె నవ్వడం మొదలుపెట్టింది. నాలుగోసారికి, “ఇంకింత జోరుగ,” అంది.

అప్పుడే మల్లేశ్ ఫోన్ మోగింది. సిద్దిపేట మనిషి. రేపు ఎన్నింటికి రమ్మంటారని అడుగుతున్నాడు. మల్లేశ్ మాట్లాడబోయాడు. అత్త ఫోను లాక్కుని, అటు తిప్పి ఇటు తిప్పి, చివరికి సరైన కొస చెవికి ఆనించుకుంది.

“ఎవలు బిడ్డా? బండా? అమ్ముతలేం. దానికి జరమొచ్చుండె. తగ్గింది.”